గొంతువాపు: ఒక పేరు నిలిచిన తీరు

జగిత్యాల జిల్లా వాయవ్యపు కొసన, గోదావరి ఒడ్డునున్న ఇబ్రహీంపట్నం మండలంలో తొలకరి పడగానే బర్రెలున్న ఇళ్లలో ఒక భయం మొదలవుతుంది. రాత్రి బాగానే మేసిన బర్రె తెల్లారేసరికి మేత ముట్టదు. ఒళ్లు కాలిపోతుంటుంది, నోటి నుంచి చొంగ తీగలుగా కారుతుంటుంది. దవడ కింద మొదలైన వాపు గొంతంతా పాకి రొమ్ముదాకా దిగుతుంది. ముట్టుకుంటే వేడి, నొక్కితే నొప్పికి పశువు తల తిప్పుకుంటుంది. ఊపిరాడక మెడ చాచి, నాలుక బయటపెట్టి గురక పెడుతుంది. ఆ గురక కొట్టం బయటికి వినపడిందంటే ఇక మిగిలేవి కొన్ని గంటలే. ఎర్దండిలో అడిగినా వేములకుర్తిలో అడిగినా ఈ జబ్బు పేరు గొంతువాపు, లేదంటే గురక రోగం. పశువైద్య గ్రంథాల్లో దీని పేరు హెమరేజిక్ సెప్టిసీమియా, అంటే రక్తంలో విషక్రిములు వ్యాపించి లోపల నెత్తురు చిమ్మే జబ్బు. ఒకే చావుకు రెండు పేర్లు: ఒకటి గొంతును చూసి పెట్టింది, రెండోది నెత్తురును చూసి పెట్టింది. ఈ రెండింటిలో మొదటిదాన్ని పల్లెటూరి మోటుమాటగా, రెండోదాన్ని అసలు పేరుగా భావించడం మన చదువుల్లో పాతుకుపోయిన అలవాటు. ఆ అలవాటు తప్పని, మెడకు, గొంతుకు, గాలిగొట్టానికి సంబంధించిన మాటల చరిత్రే చెబుతుంది. ఒక మాట చెవిన పడగానే ఎవరో ఒకరి చెయ్యి కదలాల్సి వచ్చినచోట ఆ మాట నిలిచింది, దానికి పదును కూడా వచ్చింది. చెయ్యి కదలాల్సిన పని లేనిచోట ఎంత పెద్ద పండితుడు కట్టిన మాటైనా పరీక్ష పేపరు దాటి రాలేదు.

ముందు గొంతువాపు సంగతే చూద్దాం. ఈ పేరు పెట్టుకున్నది మనం ఒక్కళ్లమే అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. హిందీ పల్లెల్లో దీన్ని గల్‌ఘోటు అంటారు, గొంతు పిసికేది అని. తమిళంలో తొండై అడైప్పాన్, గొంతు మూసేది. కన్నడంలో గంటలు బేనె, గొంతు జబ్బు. గోదావరికి ఎగువన మరాఠ్వాడాలో ఘటసర్ప్. ఒకరినొకరు ఎరగని రైతులు, ఒకరి భాష ఒకరికి రానివాళ్లు, అందరూ చూపు నిలిపింది మెడ మీదే. 1869లో ఇంగ్లీషు ప్రభుత్వం పశువుల మహమ్మారిపై విచారణకు ఒక కమిషన్ వేసి, 1871లో నివేదిక తెప్పించుకుంది. ఆ కాలపు తెల్ల పశువైద్యులు కూడా ఈ జబ్బును ప్రాణాంతకమైన గొంతునొప్పి అనే అర్థం వచ్చే పేరుతోనే రాసుకున్నారు. అప్పటికింకా సూక్ష్మజీవి చేతికి చిక్కలేదు, రైతు కన్నే వాళ్లకూ ఆధారం. 1878లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర అడవిపందులు, జింకలు గుంపులుగా చచ్చిపోతే బోలింగర్ ఈ జబ్బును శాస్త్రీయంగా వర్ణించాడు. 1886లో హ్యూప్పె దానికి నెత్తురు పేరు పెట్టాడు. కోళ్ల కలరాపై పాశ్చర్ చేసిన పని గౌరవార్థం ఆ క్రిమి జాతికి పాశ్చరెల్లా అనే పేరు వచ్చింది. కోడి కలరా, బర్రె గొంతువాపు రెండూ ఒకే క్రిమిజాతి తెచ్చేవేనని, వాటి రకాలే వేరని తర్వాత తేలింది.

ఇక్కడో ముఖ్యమైన విషయం ఉంది. ఆరోగ్యంగా తిరుగుతున్న పశువుల్లో ఈ క్రిమి ఎక్కడ దాక్కుంటుందని ఇరవయ్యో శతాబ్దంలో ఆసియా దేశాల పశువైద్యులు వెతికారు. అది దొరికింది గొంతులోనే, టాన్సిళ్ల మడతల్లో. ఏ బాధా లేకుండా మోసుకు తిరిగే పశువు ఎండదెబ్బకో, మేత కరువుకో, తడిసి ముద్దవడానికో లొంగి నీరసించగానే క్రిమి అక్కడి నుంచి ఒంట్లోకి దిగుతుంది. 2015 మే నెలలో కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో రెండు లక్షలకు పైగా సైగా జింకలు కొద్ది వారాల్లో నేలకొరిగాయి. కారణం ఈ క్రిమే. ఆ రోజుల్లో అక్కడ మామూలుకు మించిన వేడి, గాలిలో తేమ ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. మన దగ్గర తొలకరికి ముందు ఉక్కపోత రోజుల్లో బర్రె పడేదీ ఆ అవస్థే. అంటే నెత్తురు పేరు జబ్బు ముదిరాక ఒంట్లో జరిగేదాన్ని చెబుతోంది. గొంతు పేరు జబ్బు కాపురమున్న చోటునూ, బయటికి మొదట కనిపించే గుర్తునూ కలిపి చెబుతోంది. క్రిమి టాన్సిల్‌లో ఉంటుందని రైతుకు తెలుసని నేను అనడం లేదు. తెలియదు. కానీ అతను చూపు నిలపాల్సిన చోటే నిలిపాడు, ఆ చోటు పేరే పెట్టాడు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. గొంతు అనేది వదులు మాట. నోటి వెనక భాగమూ గొంతే, మాట పలికే చోటూ గొంతే, గాలి దారీ అన్నం దారీ గొంతే, పాటగాడి స్వరమూ గొంతే. తెలంగాణలో బొండిగ, కుతిక, మెడకాయ అని ఇంకా మాటలున్నా వాటికీ కచ్చితమైన హద్దుల్లేవు. ఇంత వదులు మాటను జబ్బు పేరులో పెడితే ప్రమాదం రాదా? వస్తుంది. చెరువు గట్టున నత్తలున్న చోట మేసిన గొర్రెకు కాలేయంలో జలగ చేరితే దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది, అదీ గొంతు వాపే. పాముకాటుకూ మెడ వాయవచ్చు. అన్నిటికీ మించి దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్‌లోనూ కొన్నిసార్లు గొంతు వాస్తుంది. దొమ్మతో చచ్చిన పశువును కోస్తే ఆ క్రిమి గాలి తగిలి మొండి బీజంగా మారి నేలలో ఏళ్లకేళ్లు బతుకుతుంది, కోసినవాడికీ అంటుకుంటుంది. ఒక జబ్బును ఇంకొకటిగా పొరబడితే ఇక్కడ మనిషి ప్రాణమే పోతుంది.

అయితే పల్లెలో ఏ పేరూ ఒంటరిగా పలకరు. గొర్రె దవడ కింది నీటి సంచి చల్లగా, మెత్తగా ఉంటుంది, నొక్కినా గొర్రె ఊరుకుంటుంది, గురక ఉండదు, గొర్రె వారాల తరబడి చిక్కిపోతుంది. దాన్ని గొల్ల కురుమలు గొంతువాపు అనరు, జలగ రోగం అంటారు. గొంతువాపులో వాపు వేడిగా ఉంటుంది, నొప్పి ఉంటుంది, జ్వరం ఉంటుంది, గురక ఉంటుంది, అంతా ఒక పూటలో జరిగిపోతుంది. జబ్బకు వాపొచ్చి, చర్మం కింద గాలి చేరి, నిమిరితే చిటపటలాడితే అది జబ్బవాపు. మూడు వాపులకు మూడు పేర్లు, మూడు రకాల చర్య. ఒకదానికి డాక్టరు కోసం పరుగు, ఒకదానికి మేత స్థలం మార్చడం, ఒకదానికి మిగతా దూడలను విడదీయడం. పేరులోని వదులుతనాన్ని చుట్టూ ఉన్న గుర్తులు బిగిస్తాయి. దొమ్మను విడదీయడానికి మాత్రం నెత్తురు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టాల్సిందే, ఆ పని ఏ మాటా చేయలేదు. అందుకే అనుమానం ఉన్నప్పుడు కళేబరం కోయవద్దని పశువైద్యులు పదే పదే చెబుతారు. ఆ హెచ్చరిక రైతుకు అందాలన్నా అతని మాటల్లోనే అందాలి.

పని కోరినప్పుడు ఊరి మాట ఎంత కచ్చితంగా మారుతుందో చూడాలంటే పశువుకు మందు తాపే విధానం చూడాలి. వెదురు గొట్టంతోనో సీసాతోనో మందు పోసేటప్పుడు గాలి దారి, మేత దారి పక్కపక్కనే ఉన్నాయన్న సంగతి చేతికి తెలిసి ఉండాలి. ముట్టె కంటికన్నా పైకి లేవకుండా తల పట్టుకోవాలి. నాలుక బయటికి లాగకూడదు, నాలుక కదలకపోతే పశువు మింగలేదు. చెంప సందులోంచి కొద్దికొద్దిగా పోసి, గుటక పడిందా అని బొండిగ మీద చెయ్యి పెట్టి చూసుకోవాలి. పొలమారి దగ్గిందంటే వెంటనే తల వదిలేయాలి. లేకపోతే మందు ఊపిరితిత్తుల్లోకి దిగి, పశువు అసలు జబ్బుతో కాక మందుతో చస్తుంది. ఈ పని చేసే మనిషికి శ్వాసనాళం, ఆహారవాహిక అనే మాటలు రాకపోవచ్చు. గాలి దారి, మేత దారి అన్న తేడా మాత్రం అతని వేళ్ల కొసల్లో ఉంది, ఆ తేడాకు పొలమారడం అన్న క్రియాపదం భాషలో ముందే ఉంది.

ఇంకా కచ్చితమైన మెడ శాస్త్రం నిజాం కాలపు తెలంగాణ ఊళ్లలో ముల్లా చేతిలో ఉండేది. పండుగకో పబ్బానికో గొర్రెను కోయాలంటే ముల్లాను పిలిచి జబా చేయించుకోవడం ఈ ప్రాంతంలో చాలా ఊళ్ల ఆచారం, కోయించుకునేవాళ్లలో హిందువుల ఇళ్లూ ఉండేవి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం మెడలో తెగాల్సినవి నాలుగు: గాలిగొట్టమైన హుల్కూమ్, మేతదారి అయిన మరీ, రెండు పక్కలా ఉండే పెద్ద రక్తనాళాలు రెండు, వాటిని వదజైన్ అంటారు. నాలుగింట్లో కనీసం మూడు తెగాలి. గొంతులో చేతికి తగిలే ముడికి పైన కోత పడితే అది చెల్లుతుందా చెల్లదా అని ఆ పండితుల మధ్య పెద్ద వాదమే నడిచింది. అంటే కత్తి పట్టినవాడు ముందు వేలితో స్వరపేటిక ఎక్కడుందో తడిమి, దాని కిందినుంచి కోయాలి. శరీరశాస్త్రం గది ఎన్నడూ చూడని పల్లెల్లో ఇంత తేటగా మెడ లోపలి నాలుగు గొట్టాలను విడివిడిగా ఎరిగిన మనిషి ఒకడు ఉన్నాడంటే, కారణం ఆ ఎరుక మీద తినే తిండి చెల్లుబాటు ఆధారపడి ఉండటమే. గ్రామదేవత కొలుపులో గావు పట్టే పోతరాజుకు ఈ విభాగాలతో పని లేదు, అందుకే ఆ ఆచారం చుట్టూ ఇలాంటి మాటలూ పుట్టలేదు.

ఇప్పుడు పండితుల వైపు వద్దాం. వాళ్ల దగ్గర మాటలు లేవని అనడం అన్యాయం. సుశ్రుతుడు గాలిగొట్టాన్ని కంఠనాడి అన్నాడు. దానికి రెండు పక్కలా నీల, మన్య అనే ధమనులు నాలుగు ఉన్నాయని, వాటికి దెబ్బ తగిలితే మనిషి మూగవాడవుతాడని, గొంతు మారిపోతుందని చెప్పాడు. రోమన్ సామ్రాజ్యంలో గాలెన్ బతికున్న పంది మెడలో స్వరపేటికకు వెళ్లే నరాన్ని కట్టేస్తే దాని అరుపు ఆగిపోయిందని చూపించాడు. ఇద్దరూ మెడ పక్క గాయానికీ మాట పోవడానికీ ఉన్న ముడిని పట్టుకున్నారు. సుశ్రుతుడు నోటి రోగాలు అరవై ఐదు చెప్పి, అందులో పదిహేడు గొంతువని లెక్క తేల్చాడు. అందులో రోహిణి అనే జబ్బు వర్ణన చదివిన ఆధునిక వైద్యులు చాలామంది డిఫ్తీరియాను గుర్తుచేసుకున్నారు. తెలుగునాట కొట్టూరు బసవరాజు కూర్చిన బసవరాజీయం సంస్కృతాన్నీ తెలుగునూ కలిపి నడిచింది. ఆ గ్రంథం తరతరాలుగా తెలుగు వైద్యుల చేతుల్లో నలిగింది, ఎందుకంటే వైద్యుడు మందు నూరేది తెలుగు మాట్లాడే రోగికోసం. గండమాల, గలగండం లాంటి సంస్కృత పేర్లు మామూలు జనం నోటికి ఎక్కాయంటే అలాంటి వైద్యుల ద్వారానే ఎక్కాయి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో కొండనాలుక అన్న మాట అంగిట్లో వేలాడే కండ అన్న అర్థంతో ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆ చిన్న కండకు మందులు రాయడం ఎంత మామూలు వైద్యమో, అది ఎన్నిసార్లు వికటించేదో సాక్ష్యం చెబుతోంది.

పండితుల మాటకూ ఊరి మాటకూ మధ్య అసలు ఎడబాటు నిజాం రాజ్యంలో ఆధునిక వైద్య విద్య మొదలైనప్పుడు వచ్చింది. 1846లో హైదరాబాదులో పెట్టిన వైద్య పాఠశాలలో బోధన ఉర్దూలో సాగింది. యూరపు శరీరశాస్త్రం ఒక భారతీయ భాషలో నేర్పడం ఆనాటికి గొప్ప సాహసం, దాన్ని తక్కువ చేయకూడదు. 1850ల్లో అక్కడి నుంచి ఉర్దూలో వైద్య పత్రిక కూడా వెలువడింది. యునానీ సంప్రదాయం గాలిగొట్టాన్ని ఊపిరితిత్తి రెల్లుగా భావించి పెట్టుకున్న అరబ్బీ పేరు, స్వరపేటికకు హన్‌జరా, గొంతు మూసుకుపోయే జబ్బుకు ఖునాఖ్, ఇవన్నీ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి పని సులువైంది. 1880ల్లో బోధన ఇంగ్లీషుకు మారింది. ఆ తర్వాతే 1888, 1889 సంవత్సరాల్లో శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో, క్లోరోఫాం మత్తు ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. ఆరో నిజాం ఇచ్చిన డబ్బుతో లండన్ వైద్య పత్రిక లాన్సెట్ లాడర్ బ్రంటన్‌ను ఇక్కడికి పంపింది. వందలాది జంతువులకు మత్తిచ్చి చూసి, గుండెకన్నా ముందు ఊపిరే ఆగుతుందని, మత్తిచ్చేవాడు కన్ను ఊపిరి మీదే ఉంచాలని తేల్చారు. తక్కువ మోతాదు మత్తులోనే గుండె ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోవచ్చని 1911లో లీవీ ప్రయోగాలు చూపించాయి, కమిషన్ తీర్పు సగమే నిజమని తేలింది. ఊపిరి శబ్దాన్ని కనిపెట్టి ఉండాలన్న పాఠం మాత్రం నిలిచింది. అదే పాఠాన్ని ఆనాటి ఎలగందల్ జిల్లాలో, అంటే 1905 తర్వాతి కరీంనగర్ జిల్లాలో, కొట్టం పక్కన పడుకుని బర్రె గురకను చెవి ఒగ్గి వినే రైతు తనదైన తీరులో ఆచరిస్తూనే ఉన్నాడు. రాజధానిలోని శాస్త్రానికీ ఈ రైతుకూ మధ్య ఉర్దూ ఒక గోడ, ఇంగ్లీషు ఇంకో గోడ. గురక అన్న మాట ఆ గోడలు దాటలేదు. 1917లో మొదలైన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చే మహాయజ్ఞం చేసింది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు అందులో చోటు దక్కలేదు.

తెలుగులో శాస్త్రం రాయాలన్న పట్టుదల మాత్రం అదే హైదరాబాదులో 1906లో విజ్ఞాన చంద్రికా మండలితో మొలకెత్తి, తర్వాత మద్రాసుకు తరలింది. రాష్ట్ర స్థాయిలో ఆ పనికి యంత్రాంగం ఏర్పడటానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు తెలుగు అకాడమీ పుట్టింది, విద్యామంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షుడు. ఇంటర్మీడియెట్, డిగ్రీ చదువులు తెలుగులో నడవాలంటే వేల పదాలు తొందరగా కావాలి. ఢిల్లీలో 1961లో ఏర్పడిన శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం అప్పటికే సంస్కృతం నుంచి పదాలు తీస్తోంది. వాటిని తీసుకోవడం దగ్గరి దారి. అలా మన జంతుశాస్త్ర పాఠాల్లోకి గ్రసని, స్వరపేటిక, కంఠబిలం, ఉపజిహ్విక, అవటు గ్రంథి, గ్రీవ కశేరుకలు వచ్చాయి. వీటిలో స్వరపేటిక లాంటి మాటలు చక్కగా అతికాయి, విన్నవాడికి పని తెలుస్తుంది. అవటు గ్రంథి కథ వేరు. అమరకోశం అవటు అన్న మాటను మెడ వెనక భాగానికి చెప్పింది. థైరాయిడ్ ఉండేది గొంతు ముందు, గాలిగొట్టాన్ని కావలించుకుని. ముందు ఉన్న గ్రంథికి వెనక పేరు తగిలింది. ఉపజిహ్విక సుశ్రుతుడి దగ్గర నాలుక కింద వచ్చే ఒక వాపు జబ్బు, ఇప్పుడది మింగేటప్పుడు గాలిదారిని మూసే మూత. ఏ ఊళ్లోనైనా, ఏ ఆసుపత్రిలోనైనా ఈ మాట విని ఎవరైనా ఏదైనా చేయాల్సి వచ్చి ఉంటే ఈ తప్పులు మొదటి వారంలోనే బయటపడేవి. అవి పరీక్షలో రాయడానికే ఉన్నాయి కాబట్టి అర్ధ శతాబ్దం దాటినా ఎవరికీ తగల్లేదు. డాక్టరు దగ్గర కూర్చున్న రోగి థైరాయిడ్ అనే అంటాడు.

పాఠ్యపుస్తకాల పక్షం వాళ్లు చెప్పే సమాధానం ఉంది. సంస్కృత పదాలు దేశమంతటా ఒకేలా ఉంటాయి, ఒక ధాతువు నుంచి పది పదాలు అల్లుకోవచ్చు, శ్వాసనాళం నుంచి శ్వాసనాళిక, శ్వాసక్రియ వస్తాయి, బొండిగ నుంచి ఏమొస్తుంది? ఈ వాదంలో నిజముంది. ఎముకల వరుస పేర్లకు, కణజాలాల పేర్లకు కట్టిన మాటలు కావాల్సిందే, వాటిని ఊళ్లో వెతికినా దొరకవు. ప్రాంతానికో మాట ఉంటే పుస్తకం రాయడం కష్టమన్నదీ నిజమే, కోస్తాలో పీక అన్నది ఇక్కడ బొండిగ. ఈ మాటకొస్తే ఇంగ్లీషు డాక్టర్లు వాడే ట్రేకియా అన్నదీ గ్రీకులో గరుకు అన్న అర్థం వచ్చే పాత మాటే. గాలి మోసే ధమని అనుకుని, దాని ఉంగరాల గరుకుదనం చూసి గ్రీకులు పెట్టిన పేరు అది, భావన తప్పయినా పేరు నిలిచింది. అయినా ఆ మాట బతికింది కత్తి చేతబట్టిన శస్త్రవైద్యుల నోట్లో. 1543లో వెసాలియస్ పంది గాలిగొట్టంలో రెల్లు గొట్టం పెట్టి ఊది ఊపిరి నిలబెట్టిన నాటి నుంచి, డిఫ్తీరియాతో ఉక్కిరిబిక్కిరయ్యే పిల్లల గొంతుకు రంధ్రం చేసిన పంతొమ్మిదో శతాబ్దపు పారిస్ వైద్యుల దాకా ఆ మాట వెనక ఎప్పుడూ ఒక పని ఉంది. మన శ్వాసనాళానికి తెలుగులో అలాంటి పని ఎవరూ అప్పగించలేదు. కట్టుమాటలు ఎందుకు వచ్చాయని ఎవరూ నిందించనక్కర్లేదు. అప్పటికే పని చేస్తున్న మాటలను పక్కకు నెట్టి వాటికి చోటివ్వడమే లోపం.

టీకాల చరిత్ర దీనికి మంచి రుజువు. 1978లో దేశంలో విస్తృత టీకా కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలయ్యాక తెలుగు గోడల మీద మూడు పేర్లు కలిసి కనిపించాయి: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం. కోరింత దగ్గు తల్లులు ముందే ఎరిగిన మాట. దగ్గి దగ్గి పిల్లవాడు గుక్క తిప్పుకోలేకపోవడం వాళ్లు చూసిందే, ఆ మాట వినగానే బిడ్డను ఎత్తుకుని బయలుదేరారు. కంఠసర్పి గోడ మీదే ఉంది, నర్సు నోట్లో ఉంది, తల్లి నోటికి రాలేదు. మరాఠీలో ఇలా జరగలేదు. అక్కడ ఘటసర్ప్ అన్న ఒక్క మాటే బర్రె గొంతువాపుకూ, పిల్లల డిఫ్తీరియాకూ చెల్లింది. మనిషైనా పశువైనా గొంతు వాచి ఊపిరాడకపోతే ఒకే పేరు పెట్టిన భాషలో తల్లికి ఆ భయం కొట్టం నుంచే అర్థమైంది. మన దగ్గర కూడా గొంతువాపు అన్న మాటను పిల్లల జబ్బుకు విస్తరించి ఉంటే మరాఠీ తల్లికి అందిన హెచ్చరిక తెలుగు తల్లికీ అందేదని నా గట్టి నమ్మకం. మాట పోవడానికి ఇంకో దారి కూడా ఉంది, అది సంతోషకరమైనది. పశువుల పెద్దరోగం (రిండర్‌పెస్ట్) భారతదేశంలో లేదని అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ 2006లో గుర్తించింది, 2011లో ప్రపంచం నుంచే తుడిచిపెట్టుకుపోయిందని ప్రకటించారు. పని పోయింది, దాంతోపాటే పేరూ కొత్త తరం నోట్లోంచి జారిపోతోంది. గొంతువాపు పోలేదు, పేరూ పోలేదు.

ఇవాళ ఇబ్రహీంపట్నం నుంచి మెట్‌పల్లి దాటి కొద్ది దూరంలో కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అది పి.వి. నరసింహారావు పేరుమీదున్న తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. తెలుగు అకాడమీ తొలి అధ్యక్షుడి పేరుతో నడిచే విశ్వవిద్యాలయం బర్రెల గొంతుకు కాపలా కాస్తోంది. 2017లో గొల్ల కురుమలకు సబ్సిడీ గొర్రెల పంపిణీ మొదలైంది, అదే ఏడు 1962 నంబరుకు ఫోన్ చేస్తే ఇంటికే వచ్చే సంచార పశువైద్యశాలలు వచ్చాయి. ఫోన్లో అవతలివాళ్లకు రైతు చెప్పే మొదటి మాట జబ్బు పేరే, ఆ పేరు మీదే వాహనంలో ఏ మందులు సర్దుకోవాలో ఆధారపడుతుంది. వానలకు ముందు వేసే టీకాను ఊరంతా గొంతువాపు టీకా అనే అంటుంది, ఇంకో పేరుతో పిలిస్తే కొట్టంలోంచి బర్రెను విప్పుకొచ్చేవాళ్లు సగం తగ్గుతారు. మనుషుల వైపు చూసినా అంతే. బీడీలు చుట్టే ఆడవాళ్లు వేలల్లో ఉన్న కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతంలో, 2016 ఏప్రిల్ నుంచి పొగాకు కట్టల మీద 85 శాతం స్థలంలో ముద్రించిన గొంతు క్యాన్సర్ బొమ్మను చదువు రానివాళ్లూ గుర్తుపట్టారు. అక్కడ స్వరపేటిక క్యాన్సర్ అని రాసి ఉంటే ఆ బొమ్మకు మాట తోడు ఉండేది కాదు.

అందుకే కోరుట్ల కళాశాలలో చేరే ప్రతి విద్యార్థీ మొదటి ఏడాది సెలవుల్లో ఒక్కో ఊళ్లో గొల్ల కురుమల నుంచీ, బర్రెలు కాసే ఆడవాళ్ల నుంచీ, మిగిలివున్న ముల్లాల నుంచీ, కటిక అంగళ్ల నుంచీ మెడకూ గొంతుకూ ఊపిరికీ ఉన్న మాటలు రాసుకు రావాలి. వాటిని కళాశాల పుస్తకంగా వేయాలి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చినప్పుడు ఊరి మాటను శాస్త్రీయంగా సేకరించడం ఎలాగో తెలుగువాళ్లకు దారి చూపించారు. ఆ దారి పశువుల కొట్టందాకా పూర్తిగా రావాల్సి ఉంది. తెలుగు అకాడమీ వాళ్లు అవటు గ్రంథిని వదిలి థైరాయిడ్ అనే రాస్తే ఏ విద్యార్థికీ నష్టం లేదు. గాలిగొట్టం, మేతదారి, కొండనాలుక లాంటి మాటలను పదో తరగతి పుస్తకంలో కట్టుమాటల పక్కన అచ్చువేయడానికి ఖర్చేమీ కాదు. అంతకన్నా ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది: ఇంట్లో బర్రె ఉన్న పాఠకులు వానలు పడకముందే దానికి గొంతువాపు టీకా వేయించండి.